వంటయిల్లు: వేరుసెనగముద్ద నింపిన చాక్లెట్టు కేకు



మన చిత్తూరు సీమ మెట్టచేలలో చెనక్కాయయే ముఖ్యమైన పంట. అయినను మంచిగింజ మిల్లునకును, ముడుతగింజ యింటికిని దక్కుట మన యాచారమైపోయినది. మొన్న మా చిన్నవాని పుట్టినదినమున నీ కేకు చేయబూనగా, మా యత్తగారు ముడుతగింజల డబ్బాయే యిచ్చిరి. బూజు పట్టినవి, నల్లబడినవి యేరి పారవేయగా సగము పోయినది. ఆమె నొచ్చుకొనిరి. కాని యా బూజునందు ఆఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. అది కాలేయమునకు కీడు. వేయించినను పూర్తిగా నశింపదు. పశువులకును పెట్టరాదు.

మిగిలినవానిని సన్నసెగను వేయించి, పొట్టు చెరిగి, చిటికెడుప్పుతో రుబ్బితిని. తొలుత పొడియగును, పిదప ముద్దకట్టును. విసుగక త్రిప్పినచో తన నూనెతో తానే జారును.

1½ గిన్నెల మైదా, 1 గిన్నె చక్కెర, ¼ గిన్నె కోకోపొడి, 1 చిన్నచెంచా వంటసోడా జల్లించి, 1 గిన్నె పుల్లమజ్జిగ, 1/3 గిన్నె నూనె కలుపవలెను. గ్రుడ్డక్కరలేదు. మందపు డేగిసాలో ఇసుక కాచి, అందు పిండిగిన్నె నుంచి, మూతవేసి 45 నిమిషములు సన్నసెగను ఉంచవలెను.

వేడి ఆరకమునుపే గరిటకాడతో అంగుళమున కొకటిగా రంధ్రములు చేయుడు, అడుగు తాకరాదు. నా ముద్ద చిక్కనై పైననే నిలిచినది. వెచ్చనిపాలు పోయగా మొదట నింకను బిగిసినది! మరికొంత పోసిన పిమ్మట సడలి లోనికి దిగినది. పైన కరగించిన చాక్లెట్టు పోసితిని.

అత్తగారు రెండు ముక్కలు తినిరి. మరునాడు మిల్లునకు పోవలసిన బస్తానుండి రెండు కిలోల గింజ తీసి, మాటాడక వంటయింట పెట్టిరి.