ఓపెనర్ చేతికి బంతి ఇవ్వాల్సిందే

ఓపెనర్ పరుగులు చేస్తే చాలు, బౌలింగ్ సంగతి బౌలర్లు చూసుకుంటారు. టీవీ చర్చల్లోనూ, కోచింగ్ అకాడమీల్లోనూ ఈ మాట వేదవాక్కైపోయింది. ఓపెనర్‌తో నాలుగు ఓవర్లు వేయించమంటే జూదమంటారు. వేయించకపోవడమే జూదమని నా వాదన. ఆ జూదంలో మనం పోగొట్టుకున్నది చిన్నదేం కాదు.

2023 నవంబర్ 19, అహ్మదాబాద్. ప్రపంచకప్ ఫైనల్లో 240కి ఆలౌటైన భారత్, ఆస్ట్రేలియాను 47 పరుగులకే 3 వికెట్లు తీసి కట్టడి చేసింది. అక్కడి నుంచి హెడ్, లబుషేన్ కలిసి 192 పరుగులు జోడించారు. కెప్టెన్, ఓపెనర్ రోహిత్ ఐదుగురు బౌలర్లతోనే తిప్పి తిప్పి వేయించాడు. పుణెలో హార్దిక్ గాయపడ్డాక జట్టులో ఆరో బౌలరే లేడు. ఫైనల్‌కు వారం ముందు బెంగళూరులో నెదర్లాండ్స్‌పై తొమ్మిది మంది బౌలింగ్ చేశారు, రోహిత్, కోహ్లి చెరో వికెట్ తీశారు. అప్పుడది సరదా. అవసరం మీదికొచ్చిన రోజున మాత్రం ఆ చేతుల్లో దేన్నీ నమ్మలేకపోయాం. 2009 ఐపీఎల్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ తరఫున ముంబైపై హ్యాట్రిక్ తీసిన వాడే ఈ రోహిత్! అహ్మదాబాద్ ఫైనల్లో ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ ఏడుగురితో వేయించాడు. అందులో ఓపెనర్ హెడ్ 2 ఓవర్లలో ఇచ్చింది 4 పరుగులు. మంచు కురిసింది, మన స్కోరూ చాల్లేదు, ఒప్పుకుంటాను. ఆరో బౌలర్ ఉంటే గెలిచేవాళ్లమని కూడా అనను. కానీ కెప్టెన్‌కు ఇంకో దారి వెతుక్కునే వీలే లేకుండా పోయింది.

ఓపెనర్ అలసిపోతాడట. ఆ ఫైనల్‌కు మూడు రోజుల ముందు ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన సెమీస్ చూడండి. 24 పరుగులకే 4 వికెట్లు పోయాక దక్షిణాఫ్రికాను క్లాసెన్, మిల్లర్ 95 పరుగుల భాగస్వామ్యంతో నిలబెట్టారు. కమిన్స్ బంతిని హెడ్‌కిచ్చాడు. క్లాసెన్ బౌల్డ్. తర్వాతి బంతికే యాన్సెన్ ఎల్బీ. ఆపైన ఆ హెడ్డే ఓపెనింగ్‌కు దిగి 48 బంతుల్లో 62 కొట్టాడు. తర్వాత హెడ్, క్లాసెన్ సన్‌రైజర్స్‌కు కలిసి ఆడారు. ఉప్పల్‌లో హెడ్ సిక్సర్లకు కేరింతలు కొట్టిన మనవాళ్లలో ఆ రెండు బంతులు ఎందరికి గుర్తున్నాయి?

పార్ట్‌టైమర్ల వికెట్లన్నీ అదృష్టమేననే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వన్డేల్లో జయసూర్యవి 323 వికెట్లు, గేల్‌వి 167, సచిన్‌వి 154, గంగూలీవి 100. అదృష్టం ఇన్నిసార్లు తలుపు తట్టదు. 1998లో కొచ్చిలో 310 లక్ష్యంతో దూసుకొస్తున్న ఆస్ట్రేలియాను ఆపింది సచినే. 32 పరుగులకు 5 వికెట్లు. వాటిలో బెవన్, స్టీవ్ వా, లీమన్‌లవి ఉన్నాయి. లెగ్‌బ్రేక్, ఆఫ్‌బ్రేక్ ఏదంటే అది వేయగల చేయి అది. ఏ బంతికి బ్యాటర్ తడబడతాడో ఓపెనర్‌కు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

గాయం మాటెత్తి సెహ్వాగ్ భుజాన్ని చూపిస్తారు. 2011లో అతనికి ఆపరేషన్ జరిగింది, నిజమే. 2008లో కోట్లా టెస్టులో ఆస్ట్రేలియాపై 104 పరుగులకు 5 వికెట్లు తీసిన సుదీర్ఘ స్పెల్ లాంటిది నేనూ అడగను. టెస్టుల్లో పది నిమిషాల్లో ప్యాడ్లు కట్టుకుని కొత్త బంతిని ఎదుర్కోవాల్సిన వాడిని వదిలేద్దాం. నేనడిగేది వన్డేలో నాలుగైదు ఓవర్లు, టీ20లో ఒకటో రెండో.

అసలు జబ్బు నెట్స్‌లో ఉంది. ఒకప్పుడు బ్యాటర్లు ఒకరికొకరు బంతులు వేసుకునేవారు. ఇప్పుడు త్రోడౌన్ నిపుణులు వచ్చారు, బ్యాటర్ తనవంతు బ్యాటింగ్ కాగానే ప్యాడ్లు విప్పేస్తున్నాడు. 2023లో ఐపీఎల్‌లోకి వచ్చిన, బ్యాటర్ స్థానంలో బౌలర్‌ను దించే వీలిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఆ బద్ధకానికి చట్టబద్ధత ఇచ్చింది. రెండు కొత్త బంతుల వల్ల పార్ట్‌టైమ్ స్పిన్‌కు పట్టు దొరకదనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2025 జులై నుంచి వన్డేల్లో 34 ఓవర్ల తర్వాత ఒకే బంతితో ఆడుతున్నారు. అండర్-19, రంజీ జట్లను ఎంపిక చేసే పెద్దలు ఓపెనర్ సగటు చూడగానే ఫైలు మూసేయకుండా, అతను నెట్స్‌లో రోజూ ఎన్ని ఓవర్లు వేస్తున్నాడో కూడా అడగాలి.