నక్క పుచ్చకాయ కొరికిందని విషం పెట్టకండి

"పులి పస్తయినా ఉంటుంది గానీ గడ్డి మేయదు" అని పౌరుషం ఉన్న మనిషిని మెచ్చుకుంటూ అంటాం. సామెత బాగుంది గానీ పులి సంగతి అది కాదు. అడవిలో పులి, చిరుత, తోడేలు వేసిన మలాన్ని విప్పి చూస్తే వెంట్రుకలు, ఎముక ముక్కలతో పాటు గడ్డి పరకలు కూడా అప్పుడప్పుడూ కనిపిస్తాయి. అరగకుండా, పచ్చగా, మింగినవి మింగినట్టే ఉంటాయి. (గడ్డి తినడానికి మన ఆఫీసుల్లో ఉన్న అర్థం వేరు, అది వదిలేయండి.)

అడవిదాకా ఎందుకు, మీ ఇంటి కుక్కే పొద్దున్నే గట్టు మీద గరిక కొరకడం చూసే ఉంటారు. ఏదో తేడా చేసింది, కక్కుకోవడానికి తింటోంది అనుకుంటాం. 2008లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 1,571 మంది కుక్కల యజమానులను అడిగారు. నూటికి 68 మంది తమ కుక్క రోజుకో, వారానికో ఒకసారి ఆకో గడ్డో తింటుందన్నారు. తినేముందు తరచూ జబ్బుగా కనిపించేవి నూటికి 8 మాత్రమే. తిన్నాక తరచూ కక్కేవి 22. అంటే ఎక్కువ కుక్కలు బాగున్నప్పుడే తింటున్నాయి, తిని హాయిగా తిరుగుతున్నాయి.

మరెందుకు తింటున్నాయి? శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో నాకు సబబుగా తోచింది పాముల సంగతి, అదే, కడుపులో ఏలికపాముల సంగతి. అరగని పరకలు పేగుల్లో పాములకు చుట్టుకుని వాటిని బయటికి నెడతాయని వారి ఊహ. ఆఫ్రికా అడవుల్లో చింపాంజీలు గరుకు ఆకులను నమలకుండా మింగడం, ఆ ఆకులతో పాటు పాములు పడిపోవడం కళ్లారా చూసి రాసిపెట్టారు. మన కుక్కకు ఇవాళ పాములున్నా లేకున్నా, తాత ముత్తాతల నాటి అలవాటు పోలేదన్నమాట.

ఇందులో మనకు పట్టే సంగతి ఒకటుంది. కలుపు కూలి పెరిగాక గట్లకు గడ్డిమందు కొట్టడం మామూలైపోయింది. కుక్కకు ఆ సంగతి తెలియదు. పారాక్వాట్ లాంటి మందుకు విరుగుడు లేదు, మనిషికైనా కుక్కకైనా. మందు కొట్టిన రోజుల్లో కుక్కను కట్టేయండి. గొర్రెలూ మేకలూ ఆ గట్టు మీదికే వస్తాయి కదా, వాటి మాటా అంతే.

ఇక నక్క దగ్గరికి వద్దాం. అసలు పేచీ దానితోనే.

పిల్లికి తీపి రుచి తెలియదు. నాలుక మీద తీపిని పట్టే ఏర్పాటే దానికి చెడిపోయింది. పూర్తిగా మాంసం మీద బతికే జాతి కాబట్టి దానికి అవసరమూ లేదు. అందుకే పుచ్చతోటలో పిల్లి కనబడినా అది ఎలుక కోసమే. కుక్క, నక్కల జాతికి తీపి తెలుసు, నలిపి తినడానికి వెనక దవడ పళ్లూ ఉన్నాయి. పైగా మండుటెండల్లో కుంటలెండిపోతే పుచ్చకాయలో తిండీ ఉంది, నీళ్లూ ఉన్నాయి. అందుకే నక్క రేగుపళ్లు ఏరుకు తింటుంది, చెరకు నములుతుంది, పాలుపట్టిన మొక్కజొన్న పొత్తు పీకుతుంది, వేరుశనగ తవ్వుతుంది.

నష్టం లేదని నేననను. అరెకరంలో పుచ్చ వేసుకున్నవాడికి పది కాయలు పోయినా నొప్పే. కానీ ఆ నక్క మలాన్ని ఒకసారి పుల్లతో కదిపి చూడండి. రేగు గింజలుంటాయి, వాటి మధ్య ఎలుక వెంట్రుకలూ పళ్లూ ఉంటాయి. మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో నక్కల తిండి మీద 1967లో వెలువడిన పరిశీలనలో 80 శాతానికి పైగా ఎలుకల జాతి, పాములూ తొండల జాతి, పండ్లే తేలాయి. రాత్రంతా మీ గట్ల వెంట తిరిగి ఎలుకను పట్టేవాడు కూలి కింద నాలుగు కాయలు తిన్నాడనుకోండి, లెక్క మీరే వేసుకోండి. వరిలో ఎలుక, పందికొక్కు చేసే నష్టం మీకు నేను చెప్పాలా?

ఇది గ్రహించక కొందరు కాయలోనో మాంసంముక్కలోనో గుళికల మందు కూరి పెడుతున్నారు. ఆ ముక్క నక్క కోసమే కాచుకుని ఉంటుందా? కాపరి కుక్క తింటుంది, కాకి తింటుంది. కాయయితే పక్కచేను బర్రె వచ్చి నోట పెడుతుంది. పది కాయల కోసం పాడిబర్రె పోతే ఎవరిస్తారు? నక్కకు వన్యప్రాణి చట్టం రక్షణ కూడా ఉంది, చంపితే కేసవుతుంది.

అసలు వచ్చింది నక్కేనా అన్నదీ చూసుకోవాలి. చాలాచోట్ల అడవిపంది పాపం నక్క నెత్తిన పడుతోంది. తడిమట్టిలో అడుగు చూడండి: కుక్క అడుగులా మెత్తలూ గోళ్లూ పడితే నక్క, మేక డెక్కలా రెండుగా చీలి ఉంటే పంది. పంది సాళ్లకు సాళ్లు కుళ్లగిస్తుంది, నక్క అక్కడొకటి ఇక్కడొకటి కొరుకుతుంది.

నక్కే అని తేలితే, పండే ముందు పదిహేను రోజులు కావలి పెట్టండి. మంచె, కుక్క, డబ్బా చప్పుడు ఇప్పటికీ పనిచేస్తాయి. పగిలిన కాయలు తోటలో వదలొద్దు, ఆ వాసనకే వస్తుంది. తయారైన కాయను ఇంకో నాలుగు రోజులు ధర కోసం తీగ మీద ఉంచే అలవాటు కూడా మానుకోవాలి. పట్టపగలు మనిషికి భయపడకుండా మీదికొచ్చే నక్క జోలికి మాత్రం పోవద్దు, దానికి పిచ్చి ఉండొచ్చు. కరిస్తే పావుగంట సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే ఆస్పత్రిలో టీకా వేయించుకోవాలి.

ఎలుకల మందు పెట్టేవారికి ఇంకొక్క మాట. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు నాలుగు రోజులు మత్తుగా తిరుగుతుంది. విషం దాని ఒంట్లోనే ఉంటుంది. దాన్ని తిన్న పిల్లి, గుడ్లగూబ, నక్క కూడా పోవచ్చు. ఎరను బయట చల్లకుండా పొట్లం కట్టి కన్నంలోపల పెట్టండి. పొద్దున్నే గట్లు తిరిగి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చండి.