సంక్రాంతి సెలవుల్లో తీరం కాపలాకు జనాన్ని పిలవండి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ ఉన్నతాధికారులకు,

సంక్రాంతి వస్తే హైదరాబాద్, బెంగళూరు ఖాళీ అయి కోస్తా ఊళ్లు కిటకిటలాడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట మన ఒడ్డుకు రావడం మొదలుపెడతాయి. జనవరి నుంచి మార్చి దాకా వాటికి ముఖ్యమైన కాలం. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం. ఇంత ఇసుకను రాత్రంతా నడిచి చూడటం ఎంత నిబద్ధత ఉన్న సిబ్బందికైనా తలకు మించిన పని. సెలవుల్లో ఇంటికొచ్చిన వాళ్లలో ఏ కొందరైనా ఆ నడకకు సిద్ధంగా ఉంటారు. వాళ్లను పిలవమని కోరడానికే ఈ లేఖ.

విశాఖలో జోడుగుళ్లపాలెం దగ్గర, కృష్ణా జిల్లా నాగాయలంక వైపు, బాపట్ల తీరంలో మీ శాఖ గుడ్లను పొదిగించే హ్యాచరీలు నడుపుతోంది. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే రోజున విద్యార్థులనూ ప్రముఖులనూ ఆహ్వానిస్తారు. మంచిదే, చూసిన పిల్లాడు ఆ దృశ్యాన్ని మరిచిపోడు. అయితే అది అప్పటికే పని పూర్తయిన రోజు. చేతులు కావలసింది అంతకు నెలన్నర, రెండు నెలల ముందు, ఎవరూ లేని ఒడ్డున, నడిరేయి దాటాక.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. తాబేలు వచ్చి వెళ్లిన చోట తడి ఇసుక మీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టు జాడ కనిపిస్తుంది. ఆ జాడ పట్టుకుని పైకి వెళితే ఇసుక చెదిరిన చోటు ఒకటి ఉంటుంది. గుడ్లు పెట్టాక తల్లి తన బరువుతో ఇసుకను దిమ్మిస్తుంది కాబట్టి గూడు ఎక్కడుందో కంటికి ఆనదు. అనుభవం ఉన్నవాళ్లు సన్నటి కర్రతో మెల్లగా గుచ్చి చూస్తారు. గట్టిగా తగులుతున్న ఇసుక ఒక్కచోట మెత్తగా దిగిపోతే అదే గూడు. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా ఉండే ఆ గుంతలోంచి వంద పైచిలుకు గుడ్లను చేత్తో ఒక్కొక్కటే తీసి, ఆ గూటి ఇసుకతో పాటే గుడ్డసంచిలో పెడతారు. ఇదంతా కొన్ని గంటల్లోనే అయిపోవాలి. లోపల పిండం అంటుకున్నాక గుడ్డును తిప్పితే చచ్చిపోతుంది. తెల్లవారేదాకా ఆగితే కుక్కలు, నక్కలు ముందే చేరతాయి. హ్యాచరీలో అంతే లోతున తవ్వి పూడ్చిన గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. అందుకే పైన వేసే నీడ విషయంలోనూ జాగ్రత్త కావాలి.

దీనికి పీహెచ్‌డీలు అక్కర్లేదు. చెన్నైలో 1970లలోనే స్నేక్ పార్క్ చుట్టూ చేరిన కుర్రాళ్లు ఇలా రాత్రులు నడిచారు. వాళ్లలో ఒకరైన సతీశ్ భాస్కర్ ఆ తర్వాత దేశ తీరంలో వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి ఏ ఒడ్డున ఏ తాబేలు గుడ్లు పెడుతుందో నమోదు చేశారు. 1988లో అక్కడి విద్యార్థులు కలిసి ఒక బృందం కట్టారు. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా సీజన్ అంతా వాళ్లు నడుస్తూనే ఉన్నారు. వారాంతాల్లో మామూలు జనాన్నీ వెంట తీసుకెళతారు. జీతాలు లేవు, తరాలు మారినా నడక ఆగలేదు.

మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని వేళాస్ ఊరు ఇంకో దారి చూపింది. సహ్యాద్రి నిసర్గ మిత్ర సంస్థ 2002లో అక్కడ గూళ్ల రక్షణ మొదలుపెట్టింది. తాబేలు పిల్లలను చూడటానికి వచ్చేవాళ్లు ఇప్పుడు ఊళ్లోని ఇళ్లలోనే దిగుతారు, ఆ ఇంటివాళ్లు వండిందే తింటారు. గూడు బాగుంటే ఊరికి నాలుగు డబ్బులొస్తాయి. మన సూర్యలంక, కళింగపట్నం చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలకు ఈ అవకాశం ఎందుకు రాకూడదు?

జనం వస్తే నష్టం కూడా ఉంటుందని మీరు భయపడటం న్యాయమే. ఫోన్ లైటు పడితే ఒడ్డెక్కుతున్న తల్లి వెనక్కి మళ్లుతుంది. వెలుతురున్న వైపే సముద్రం అనుకునే పిల్లలు బీచ్ రోడ్డు దీపాల వైపు పాకుతాయి. పిల్లను చేతిలో పెట్టుకుని సెల్ఫీ తీసుకునే చోటు కాకూడదిది. కాబట్టి షరతులు కఠినంగా పెట్టండి: జట్టుకు కొద్దిమందే, ముందు ఒక పూట శిక్షణ, ఎర్రటి మసక దీపం తప్ప వేరే వెలుగు లేదు, బతికున్న తాబేళ్లను తాకడానికి వీల్లేదు, మీ సిబ్బందో స్థానిక కాపలాదారో ముందుండాలి. ఆ కాపలాదారు దినకూలీకి కోత పడకూడదు. వలంటీరు వచ్చాడని మత్స్యకారుణ్ని తీసేస్తే ఈ ఆలోచనకే అర్థం లేదు. వలంటీర్ల దగ్గర రుసుము తీసుకున్నా తప్పులేదు. బోస్టన్‌లో 1971లో పుట్టిన ఎర్త్‌వాచ్ సంస్థ అదే పద్ధతిలో సెలవుల మీదున్న వాళ్లను పరిశోధకుల వెంట పంపుతోంది, వాళ్లిచ్చే డబ్బు ఆ పరిశోధనకే ఆసరా అవుతుంది.

ఈ వలంటీర్లకు అప్పగించదగ్గ పని మరొకటి ఉంది. చూడటానికి కష్టమైనదే అయినా అది జరగాలి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరి కోసం నీటి పైకి రావాలి, ట్రాల్ వలలో ఇరుక్కుంటే రాలేదు. వలకు అమర్చే, తాబేలు తప్పించుకునే ద్వారమున్న పరికరం ఎప్పటినుంచో ఉంది, వాడకమే అంతంత మాత్రం. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు ముగిసిపోతుంది. మన ఒడ్డున ఏ వారం, ఏ మండలంలో ఎన్ని చచ్చిపడ్డాయో రోజూ నడిచి రాసేవాళ్లు ఉంటే మత్స్యశాఖతో, బోటు యజమానులతో మీరు లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడగలరు. తేదీ, చోటు, చిప్ప కొలత, ఒక ఫొటో, మళ్లీ లెక్కకు రాకుండా రంగుతో ఒక గీత. డిగ్రీ చదివే పిల్లలు ఒక్క ఉదయంలో నేర్చుకునే పని ఇది.

పొరుగున తెలంగాణ అటవీ శాఖ 2026 పులుల గణనకు వలంటీర్లను పిలిచింది. పులి తిరిగే అడవిలోకి పౌరులను నమ్మి తీసుకెళ్లగలిగినప్పుడు, ఇసుక తీరంలోకి తీసుకెళ్లడం అసాధ్యమేమీ కాదు.

మొదటి ఏడాది మూడు తీరాలు చాలు: విశాఖ, నాగాయలంక, బాపట్ల. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా నడపండి. తెలుగులో ఒక పేజీ దరఖాస్తు పెట్టండి. ప్రకటన మాత్రం అక్టోబరు చివరికల్లా రావాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, పండగ టిక్కెట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఆ లోపు తెలిస్తేనే సికింద్రాబాద్‌లో రైలెక్కే వాళ్లు తిరుగు ప్రయాణాన్ని మూడు రోజులు వెనక్కి జరుపుకోగలరు.