లెక్కలోకి రాని జ్వరములు



ఒక సహోదరి మాకు ఇలా వ్రాశారు: "అయ్యగారూ, దావీదు జనసంఖ్య చేయించినందుకు దేశము మీదికి తెగులు వచ్చింది గదా. మరి మన సంఘములో ఇంటింటికి వచ్చి పేర్లు వ్రాసుకోవడం తప్పు కాదా?" ప్రశ్న మంచిదే. మన పెద్దలలో కొందరు ఈనాటికీ పిల్లలను వేలు పెట్టి లెక్కపెట్టనివ్వరు. అయితే యోవాబు తొమ్మిది నెలల ఇరువది దినములు దేశమంతా తిరిగి రాజుకు తెచ్చి ఇచ్చినది ఏమిటి? కత్తి దూయగల మగవారి సంఖ్య. ఆ లెక్కలో రోగి లేడు, విధవరాలు లేదు, చంటిబిడ్డ లేదు. లూకా సువార్త 15వ అధ్యాయములోని కాపరి కూడా లెక్కపెట్టాడు. లెక్కపెట్టకపోతే నూరింటిలో ఒకటి తప్పిపోయినదని అతనికి తెలిసేదే కాదు. రెండూ లెక్కలే. తేడా ఎక్కడుందో చెప్పడానికి మిమ్మును ఒక ద్వీపమునకు తీసుకొని వెళ్తాము.

పసిఫిక్ మహాసముద్రములో, ఫిలిప్పీన్స్ దేశమునకు తూర్పున, మైక్రోనీషియాలో యాప్ అనే ద్వీపమున్నది. 2000 సంవత్సరపు లెక్కల ప్రకారము అక్కడి జనాభా 7,391 మంది, అంటే మన ప్రాంతములో ఒక పెద్ద గ్రామమంత. ప్రజలలో ఎక్కువ మంది కథోలిక క్రైస్తవులు. తిరుగటి రాళ్లవలె నడుమ రంధ్రమున్న పెద్ద పెద్ద రాతి చక్రములు వారికి పూర్వకాలము నుండి ధనము. పడవలో తెస్తుండగా సముద్రములో మునిగిపోయిన ఒక రాయిని కూడా ఆ కుటుంబపు ఆస్తిగానే ఊరంతా ఒప్పుకొన్నదని చెప్తారు. కంటికి కనబడనిదానిని కూడా లెక్కలో ఉంచుకొనే ప్రజలన్నమాట!

2007 ఏప్రిల్ నుండి ఆ ద్వీపములో ఒక జ్వరము బయలుదేరింది. ఒంటిమీద దద్దు, కండ్లు ఎర్రబడడం, కీళ్లనొప్పులు. పరీక్షలో కొందరికి డెంగీ అని వచ్చింది గాని, అక్కడి వైద్యులకు మనస్సు ఒప్పలేదు. ఇది మేమెరిగిన డెంగీవలె లేదన్నారు. రక్తము అమెరికాకు పంపగా అది జికా వైరస్ అని తేలింది. 1947లో ఉగాండా దేశపు జికా అడవిలో ఒక కోతి రక్తములో మొదట కనుగొన్నది అదే. అప్పటివరకు మనుష్యులలో ఆ వ్యాధి వచ్చినట్లు గ్రంథస్థమైనవి 14 మాత్రమే.

వైద్యుల రిజిస్టరులు చూస్తే, రూఢియైన కేసులు 49, బహుశా అదే కావచ్చునన్నవి 59. మొత్తము 108. ఎవరూ చనిపోలేదు, ఆసుపత్రిలో చేర్చవలసిన పని కూడా రాలేదు. ఇక్కడితో దస్త్రము మూసివేసినా అడిగేవారు లేరు. కాని వచ్చిన వైద్య బృందము మరొక పని చేసింది. ద్వీపములోని 1,276 ఇండ్లలో 200 ఇండ్లను చీట్లు వేసినట్లు ఎంచుకొన్నారు. అపొస్తలులు మత్తీయ కొరకు చీట్లు వేసినది మీకు జ్ఞాపకమే. ఇక్కడ కారణము వేరు. రోడ్డుకు దగ్గరున్న ఇండ్లకో, పిలిచిన ఇండ్లకో వెళ్తే లెక్క అటే ఒరిగిపోతుంది. చీటీకి ముఖపక్షము లేదు. 173 ఇండ్లవారు ఒప్పుకొన్నారు, 557 మంది రక్తమిచ్చారు.

ఈ వైరస్ రక్తములో కొద్ది రోజులే ఉంటుంది. కాని దానితో పోరాడుటకు శరీరము తయారుచేసుకొన్న ప్రతిరక్షకములు వారములు, నెలలు నిలుస్తాయి. దొంగ పోయినా అడుగుల జాడ ఉన్నట్లు. ఆ 557 మందిలో 414 మందికి ఆ జాడ కనబడింది. మూడేండ్లు దాటిన 6,892 మందిలో దాదాపు 5,005 మందికి, అంటే 73 శాతమునకు, వైరస్ సోకియుంటుందని లెక్కగట్టారు. రిజిస్టరులో 108, ఊరిలో అయిదు వేలు!

మాకు మరీ నచ్చినది వారి నిజాయితీ. జాడ ఉన్నవారిలో 38 శాతము మంది తమకు అటువంటి జబ్బు చేసిందన్నారు. అయితే జాడ లేనివారిలో కూడా 19 శాతము అదే మాట అన్నారు. దద్దు, నొప్పులు వేరే కారణములచేత కూడా వస్తాయి గదా. కాబట్టి దానిని తీసివేసి, సోకినవారిలో దాదాపు 18 శాతము మందికే, అనగా సుమారు 919 మందికే, జికావలన జబ్బు కనబడిందని వ్రాశారు. తక్కినవారు ఏమీ ఎరుగకుండా తమ పనులు తాము చేసుకొన్నారు.

ఏమీ ఎరుగకపోవడము అప్పటికి మేలుగానే తోచింది. 2013లో ఫ్రెంచి పాలినీషియా ద్వీపములకు, 2015 నాటికి బ్రెజిల్ దేశమునకు అదే వైరస్ వచ్చింది. బ్రెజిల్‌లో చిన్న తలలతో శిశువులు పుట్టసాగారు. గర్భిణికి సోకితే కడుపులోని బిడ్డ మెదడుకు హాని చేయగలదని, తల్లికి జ్వరము తెలియకపోయినా అలా జరుగవచ్చునని అప్పుడు బయటపడింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2021లో మన కేరళలో మొదట కనబడినది కూడా ఒక గర్భిణిలోనే.

సహోదరికి మా జవాబు ఇంకా ముగియలేదు. క్రిందటి వానాకాలములో, ఆరాధన ముగిసిన తరువాత, జ్వరముతో ఉన్నవారి కొరకు ప్రార్థన మనవులు ఇమ్మన్నాము. నాలుగు చీటీలు వచ్చాయి. నాలుగిండ్లకు వెళ్లి ప్రార్థించి, మా పరిచర్య అయిపోయిందనుకొన్నాము. మూడు దినములైన తరువాత ఒక సంఘ పెద్ద, "అయ్యగారూ, మా వీధిలోనే అయిదుగురు మంచము పట్టారు, ఎవరూ చీటీ వ్రాయలేదు" అన్నాడు. ఇద్దరమూ ఇంటింటికి వెళ్లాము. పదకొండు ఇండ్లలో జ్వరమున్నది. వారిలో ఏడవ నెల గర్భిణి ఒకతె. "కడుపుతో ఉన్న పిల్ల, నీరసమే అనుకొన్నామండీ" అన్నది అత్తగారు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము, డెంగీ అన్నారు. ఆలస్యమైందని డాక్టరమ్మ మందలించినది అత్తగారిని గాని, ఆ మాట తగిలినది మాకు. తల్లీబిడ్డా క్షేమముగా ఉన్నారు, దేవునికి స్తోత్రము.

అందుకే ఈ ఏడు సంఘ సభ్యుల పుస్తకములోని ఇండ్లన్నిటి పేర్లు చీటీలమీద వ్రాసి ఒక డబ్బాలో వేశాము. ప్రతి శనివారము ఆదివార బడి పిల్లవాడొకడు పది చీటీలు తీస్తాడు. ఆ ఇండ్లకు ఇద్దరు స్త్రీలు, ఒక పెద్ద వెళ్లి ఎవరికి జ్వరము వచ్చిందో అడిగి, నీళ్ల తొట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు చూచి వస్తారు. యాప్‌లోనూ ఇక్కడా ఈ రోగములను మోసేవి ఏడిస్ జాతి దోమలే. పగలు కుడతాయి, నిలిచిన నీటిలో పెరుగుతాయి.

మొదటి శనివారము తీసిన మొదటి చీటీలో మా పేరే ఉన్నది. పిల్లలంతా నవ్వారు. వచ్చిన అక్కలు మా పెరటిలో బట్టలుతికే రాతి ప్రక్కనున్న తొట్టి మూత తీసి చూచి, ఏమీ అనకుండా మా యింటివారిని పిలిచారు. తొట్టి నిండా పిల్లపురుగులు గంతులు వేస్తున్నాయి. వారి కాగితములో మొదటి వరుసలో, ఇంటి నంబరుతో సహా, ఆ సంగతి వ్రాసియున్నది.