తలుపు మీద సగం గీత

మెయిన్స్ జీఎస్-3లో విపత్తు నిర్వహణ మీద ప్రశ్న కనిపించగానే మనలో చాలామంది పెన్ను ఒకే దారిలో పోతుంది. సిబ్బంది కొరత, పాత వాహనాలు, ఇరుకు వీధులు, నిధులు. ఇవన్నీ నిజమే, రాయాల్సిందే. కానీ మండుతున్న భవనంలో ఒక గదిని వెతికిన జట్టు ఆ సంగతి వెనక వచ్చే జట్టుకు ఎలా చెబుతుందో మీరు ఏ మోడల్ ఆన్సర్‌లోనైనా చదివారా? పరికరాల జాబితా కంటే ముందు ఆలోచించాల్సింది దీని గురించే అంటాను.

పొగ నిండిన గదిలో కళ్లు పనిచేయవు. సిబ్బంది మోకాళ్ల మీద పాకుతూ, ఒక చేయి గోడ నుంచి తీయకుండా గది చుట్టి వస్తారు. మంచం కింద, తలుపు వెనక, బాత్రూంలో తడుముతారు. ఇది మంటలు ఉండగానే వేగంగా చేసే మొదటి గాలింపు. మంటలు అదుపులోకి వచ్చాక నింపాదిగా రెండోసారి గాలిస్తారు, వీలైతే వేరే జట్టుతో. ఒకసారి చూశాననుకున్న చోటును మనిషి మళ్లీ శ్రద్ధగా చూడడు కదా.

గుర్తు పెట్టే పద్ధతుల్లో బాగా తెలిసినది ఇది. లోపలికి వెళ్లేటప్పుడు తలుపు మీద ఒక ఏటవాలు గీత. వెతకడం పూర్తయి బయటికి వచ్చాక దాన్ని అడ్డంగా కోస్తూ రెండో గీత. మొత్తం ఇంటూ మార్కు. మన జవాబు పత్రంలో ఇంటూ అంటే తప్పు, అక్కడ మాత్రం పని పూర్తయిందని అర్థం. పొగ పైకి చేరుతుంది కాబట్టి గీత తలుపు కింది భాగంలో ఉండాలి, పాకుతూ వచ్చేవారికి కనిపించేది అదే. సుద్దముక్కో మైనపు క్రేయానో చాలు. కొన్నిచోట్ల తలుపు రెండువైపుల హ్యాండిళ్లకు ఒక పట్టీ తగిలిస్తారు. అది గుర్తుగానూ పనికొస్తుంది, తలుపు లాక్ పడకుండానూ ఆపుతుంది.

నన్ను ఆకట్టుకున్నది ఇంటూ కాదు, ఆ సగం గీత. ఒకే గీత ఉన్న తలుపు అంటే లోపల మనవాళ్లు ఇంకా వెతుకుతున్నారు, లేదా వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. పూర్తికాని పనిని పూర్తికానట్టే చూపించే ఇలాంటి గడి మన తనిఖీ రిజిస్టర్లలో ఎక్కడైనా ఉందా?

సమాచారం లేకపోతే ఏమవుతుందో 1999 డిసెంబర్ 3న అమెరికాలోని వూస్టర్ నగరం చూసింది. వాడకంలో లేని కోల్డ్ స్టోరేజీ భవనం అంటుకుంది. దాదాపు కిటికీలే లేని భవనం, లోపలంతా చిక్కుదారులు. ఇల్లులేని ఇద్దరు లోపల చిక్కుకున్నారనుకుని సిబ్బంది వెళ్లారు. నిజానికి ఆ ఇద్దరూ అప్పటికే వెళ్లిపోయారు. వెతకబోయినవారిలో ఇద్దరు దారి తప్పారు, వారిని వెతకబోయి మరో నలుగురు. ఆరుగురూ చనిపోయారు. సుద్దగీత ఒక్కటే వారిని కాపాడేదని నేను అనను. కానీ 'ఇక్కడ ఎవరూ లేరు' అన్న కబురు ఎంత విలువైనదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలినప్పుడు 72 మంది ప్రాణాలు పోయాయి. లోపల చిక్కుకున్నవారు ఫోన్లు చేస్తుంటే, ఆ ఫ్లాట్ నంబర్లను సిబ్బంది కింద లాబీ గోడ మీద రాసుకున్నారు. పైగా ఆధునికీకరణ పనుల్లో అంతస్తుల నంబర్లు మారాయి. మెట్ల దగ్గర అంతస్తు నంబరు పొగలోనూ కనిపించేలా రాయాలని 2019 నాటి విచారణ నివేదిక సిఫారసు చేసింది. దీనికయ్యే ఖర్చు కాస్త పెయింటు!

ఇక మన సంగతి. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో 7వ అంశం అగ్నిమాపక సేవలు. 2019లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు నమూనా బిల్లు పంపింది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఇలాంటి చోటికి ఫైర్ సిబ్బంది, పోలీసులు, విపత్తు దళాలు, ఒక్కోసారి చుట్టుపక్కల కుర్రాళ్లు కూడా దూసుకెళ్తారు. వీరందరూ ఒకే గుర్తును ఒకేలా చదవగలగాలి. ఆ శిక్షణ పెద్ద భవనాల సెక్యూరిటీ గార్డుల దాకా వెళ్లాలన్నది నా వాదన.

ఆ హడావుడిలో గీతలు ఎవరు గీస్తారని మీరు అడగొచ్చు. డ్రిల్‌లో వందసార్లు గీసిన చేయి గీస్తుంది. అసలు భయం వేరే ఉంది. వెతకకుండానే పెట్టిన ఇంటూ, ఏ గుర్తూ లేని తలుపు కంటే ప్రమాదం. గుర్తు లేకపోతే ఎవరో ఒకరు తలుపు తీసి చూస్తారు, ఇంటూ ఉంటే దాటిపోతారు. రెండో గాలింపు వేరే జట్టు చేయాలనేది అందుకే.

ఈ వారం 150 పదాల్లో రాసి చూడండి, జీఎస్-4, 10 మార్కులు: మీరు జిల్లా అధికారి. కాలిన భవనంలో ఇంటూ ఉన్న ఒక గదిని నిజానికి ఎవరూ వెతకలేదని ఒక సిబ్బంది మీకు రహస్యంగా చెప్పాడు. మొదటి గంటలో మీరు ఏం చేస్తారు?