కమ్మికి అంటిన ముల్లు

బొగ్గుల నిప్పుపై మాంసము కాల్చుకొని తినుట అమెరికాలో వేసవి వేడుక. మసిబారిన ఇనుప కమ్ములను తోముట మాత్రము ఎవరికిని వేడుక కాదు. ఆ పని త్వరగా ముగియవలెనని తీగల బ్రష్షుతో బరబర గీకుదురు. ప్రమాదమంతయు అందే యున్నది.

బ్రష్షునుండి ఊడిన సన్నని తీగ కమ్మికంటి, మాంసములో చేరి, గొంతులోనో ప్రేగులోనో గ్రుచ్చుకొనును. రోడ్ ఐలండ్ రాష్ట్రమున ఇట్టి రోగులు ఆరుగురిని గూర్చి 2012లో ప్రభుత్వ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. 2002 నుండి 2014 వరకు ఆ దేశమున సుమారు 1,700 మంది అత్యవసర చికిత్సకు వచ్చియుందురని 2016లో పరిశోధకులు అంచనా కట్టిరి. కోట్ల జనములో ఇది స్వల్పమే యనవచ్చును. ముల్లు దిగిన గొంతుకు లెక్కలతో పని యేమి?

అరిగిన బ్రష్షు పారవేసి క్రొత్తది కొన్నచో చాలునని కొందరందురు. ఊడబోవు తీగ ముందుగా చెప్పి ఊడునా?

ఉపాయము కష్టమైనది కాదు. కమ్ములు వేడిగా నున్నప్పుడే కొయ్యపలకతో గీకి, చల్లారిన పిమ్మట తడిగుడ్డతో తుడిచి, నూనె పలుచగా రాచిన త్రుప్పు పట్టదు. పోతయినుముపై నిగనిగలాడు నల్లని పొర మురికి కాదు. కాగిన నూనె గట్టిపడి యేర్పడిన కవచము. దానిని గీకి పారవేయుట అవివేకము.

సగము కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గ్రుచ్చి వేడి కమ్ములపై రుద్దువారు అచ్చటను కలరు. దోసెల పెనమునకు తెలుగు ఇల్లాలు చేయునదియు అదియే గదా! అచ్చట స్థిరపడిన తెలుగువారు అంగడి బ్రష్షును విడిచి అమ్మ చేతి ఉల్లిపాయను తలచుకొందురు గాక. ఇనుము మెరయుట కంటె తినువాని గొంతు క్షేమముగా నుండుట ముఖ్యము.