ఎండతెర గల హెల్మెట్టు

గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి మిరప పొలముల నడుమ వేసవిలో మోటారుసైకిలు నడుపువారు లోపల నల్లని యెండతెర గల హెల్మెట్టును కోరుట సహజము. వెలుపలి యద్దమే నల్లనిదైనచో, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట చిలకలూరిపేట దారిని దీపములేని మిరపటిక్కీల ట్రాక్టరు కానరాదు. అద్దమెత్తినచో దుమ్ము కన్నులఁ బడును. లోపలి తెరనైతే మీటతోఁ దటాలున పైకి నెట్టవచ్చును. వెలుపలి తెల్లద్దము నిలిచియే యుండును.

అయినను తెరను జూచి మురిసి, తలకు వదులైనదానిని కొనరాదు. ఐ.ఎస్.ఐ. ముద్రయు, 4151 అను ప్రమాణసంఖ్యయు నున్నవో లేవో చూచి, గడ్డము క్రింది పట్టీ బిగించి తల విదిలింపుఁడు. హెల్మెట్టు తలతోనే కదలవలెను.

బడి గుమ్మమున ప్రతి యుదయమును కానవచ్చునది వేఱు: తండ్రి తలపై ఎండతెర, వెనుక బిడ్డకు ఉత్తతల! మోటారు వాహనముల చట్టమునకు 2019లోఁ జేసిన సవరణ నాలుగేండ్లు దాటినవారికెల్ల హెల్మెట్టు విధించినది. ఎండతెరకగు అధికవ్యయము ముందుగా బిడ్డ హెల్మెట్టునకుఁ బోవుట న్యాయమని నా యభిప్రాయము. తండ్రికిఁ బగటివేళ చలువకద్దములు చాలును.